పెసరగింజంత ముక్క

కొన్ని సంవత్సరాల క్రిందట, శీతాకాలంలో ఒక తెల్లవారుజామున, కిరండూల్ స్టేషనులో విశాఖపట్నం పాసింజరు కదలడానికి సిద్ధంగా ఉన్నది. బైలదిల్లా కొండల మీద మంచు ఇంకా విడలేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒక నడివయస్కుడు ఒడిలోని గుడ్డసంచిని రెండు చేతులతోనూ పట్టుకొని ఉన్నాడు. సంచిలో టిఫిను డబ్బా, డబ్బాలో తువ్వాలు, తువ్వాలులో చుట్టిన చిన్న గాజుసీసా. సీసాలో ముందు రోజు సాయంత్రం అతని తల్లి అంగిలి నుంచి కోసి తీసిన పెసరగింజంత మాంసపు ముక్క.

"ఏం బాబూ, ఊరగాయా? అంత భద్రంగా పట్టుకున్నావు," అన్నాడు ఎదుటి బల్ల మీది పెద్దాయన.

"కాదండీ, మందు," అని అబద్ధం చెప్పాడు అతడు.

కిరండూల్‌తో రైలు పట్టా ఆగిపోతుంది. ఆపైన కొండ, కొండలో ఇనుము. జపానుకు ఖనిజం పంపటం కోసం 1960లలో వేసిన ఈ కొత్తవలస-కిరండూల్ మార్గంలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. శిమిలిగుడ దగ్గర అది సముద్రమట్టానికి దాదాపు వేయి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఖనిజం మోసే గూడ్సుబండ్ల కోసం పుట్టిన దారి కనుక పాసింజరు బండి ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చిన మనిషి వంటిది. ఒదిగి ఒదిగి నడుస్తుంది. విశాఖ చేరేసరికి పగలంతా గడిచి రాత్రి అవుతుంది. బస్తరు అడవుల నడుమనున్న ఆ గనుల ఊళ్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెళ్లికైనా, చావుకైనా, పెద్ద జబ్బుకైనా ఈ రైలే దిక్కు.

అతని ఉద్యోగం ఖనిజపు నమూనాలు తీయటం. రవాణా అయ్యే రాశిలో ఎక్కడెక్కడ నుంచి ఎంతెంత తీయాలి, ఎలా కలపాలి, ఏ సంచిలో కట్టాలి, చీటీ మీద ఏమి వ్రాయాలి అన్నది అతడు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. చీటీ తప్పితే నమూనా తప్పినట్లే. తడి తగిలినా, మట్టి కలిసినా పారవేసి మళ్లీ తీయవలసిందే. ఇంత తెలిసినవాడు ఆ ఉదయం తన ఒడిలోని సీసాలో ఉన్న ద్రవం ఏమిటని ఎవరినీ అడగలేదు. నీళ్లలా తేటగా ఉన్నది. డాక్టర్లు పోసిందే కదా అనుకున్నాడు.

తల్లి శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డు పల్లెలో పుట్టింది. పన్నెండవ ఏట తన తల్లి పక్కన కూర్చొని చుట్ట కాల్చటం నేర్చుకున్నది. అందరూ కాల్చినట్లు కాదు. నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని పెదవులు బిగించి కాల్చే పద్ధతి. దానిని ఆ ప్రాంతంలో అడ్డపొగ అంటారు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోదనీ, బూడిద రాలదనీ, చేతులకు పని ఉన్నా నోట్లో నిలుస్తుందనీ దానిని సమర్థించుకుంటారు. పెళ్లయిన కొద్ది కాలానికే భర్త వెంట బైలదిల్లా వచ్చింది. 1968లో అక్కడ గని పని ఊపందుకున్న రోజులవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె ఎప్పుడో సొట్టలు పడి పోయింది గాని, అడ్డపొగ మాత్రం పోలేదు.

అంగిలిలో పుండు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మనుమరాలు కనిపెట్టింది. నాన్నమ్మ చారన్నం తింటూ కళ్లు మూసుకోవటం చూసి, నోరు తెరవమని బలవంతాన చూసింది. అంగిలి అంతా పాలిపోయి తెల్లగా ఉన్నది. అందులో ఎర్రని చుక్కలు. ఒక పక్కన రూపాయి బిళ్లలో సగమంత ఎర్రటి మచ్చ.

ఆ మచ్చ వైద్యశాస్త్రానికి కొత్తది కాదు. ఆ మాటకొస్తే, ప్రపంచ వైద్యశాస్త్రానికి ఉత్తరాంధ్ర స్త్రీలు నేర్పిన పాఠాలలో అది ఒకటి. నోటి కేన్సరు ప్రపంచమంతటా ఉన్నదే. కాని గట్టి అంగిలికి రావటం ఇతర దేశాలలో అరుదు. విశాఖపట్నం ఆస్పత్రులలో మాత్రం అది పదేపదే కనిపించేది. బొంబాయి టాటా స్మారక ఆస్పత్రిలో 1941 నుంచి ప్రయోగశాలలను నడిపిన వసంత్ రాంజీ ఖనోల్కర్ ఈ వింతను గమనించాడు. 1945లో ఆయన, సూర్యబాయి కలిసి జన వ్యవహారాలకూ కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని గురించి ప్రకటించిన వ్యాసంలో చుట్ట వలన కలిగే అంగిలి కేన్సరుకు చోటు దొరికింది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావులు కోస్తా ఆంధ్రలోని ఈ అంగిలి కేన్సరుకు నిప్పు కొన నోట పెట్టుకోవటమే కారణమని ప్రత్యేకించి వ్రాశారు. ఆ తరువాత డెన్మార్కు నుంచి నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా తదితరులతో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. 1971లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ కాల్చేవారే. వారిలో స్త్రీలే ఎక్కువ. వెనెజులా, కొలంబియా, పనామా, సార్డీనియా, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల కూడా ఈ అలవాటు ఉన్నదని తెలిసిన శాస్త్రజ్ఞులకు శ్రీకాకుళం ఒక పాఠశాల అయింది.

ఇదంతా ఎలా తెలిసింది? పల్లెలు తిరిగి నోళ్లు చూడటం ఒక ఎత్తు. ఆ నోళ్ల నుంచి తీసిన ముక్కలను చెడకుండా దాచి, పలుచగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద చదవటం మరొక ఎత్తు. కంటికి కనిపించే మచ్చ అనుమానం మాత్రమే. దానికి పేరు పెట్టగలిగేది కణజాలాన్ని చదివే పెథాలజిస్టు. రోగి ఆ డాక్టరు ముఖం చూడడు. బిల్లులో పేరు కూడా ఉండదు. అయినా కత్తి పట్టిన సర్జను ఆ మనిషి మాట కోసమే ఆగుతాడు.

విశాఖలో ఆ రాత్రి ఒక బంధువు ఇంట పడుకొని, మరునాడు ఉదయం అతడు సీసాను ఒక పెద్ద ఆస్పత్రి ప్రయోగశాలలో అప్పగించాడు. మధ్యాహ్నం లోపలికి పిలిచారు. బల్ల వెనుక నెరసిన జుట్టు గల డాక్టరమ్మ కూర్చొని ఉన్నది. ఆమె ముందు అతని సీసా, మూత తీసి ఉన్నది.

"దీనిలో పోసింది ఏమిటో తెలుసునా?"

"లేదమ్మా."

"సెలైను. ఉప్పునీరు. ఫార్మలిను పోయవలసింది. ముక్క తీసిన క్షణం నుంచి కణాలు తమను తామే అరిగించుకోవటం మొదలుపెడతాయి. ఫార్మలిను దానిని ఆపుతుంది, ఉప్పునీరు ఆపలేదు. ఒకటిన్నర రోజు అయింది. మరొక విధంగా చూద్దామన్నా ముక్క చాలా చిన్నది."

"ఏమీ తెలియదామ్మా?"

"నీడలు కనిపించవచ్చు. నీడలను చూసి మీ అమ్మకు కేన్సరు ఉన్నదనో లేదనో నేను వ్రాయను. మళ్లీ తీయాలి."

తప్పు చేసిన చిన్న ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఉన్న ఒక్క డాక్టరు పగలు రాత్రి పని చేసే మనిషి. ఫార్మలిను సీసా అయిపోతే తెప్పించే నాథుడు లేడు, లేబులు ఎవరు వ్రాయాలో చెప్పినవారు లేరు. కాని ఆ తప్పు ఖరీదు ఆరు వారాలు. మొదటిసారి కోత నొప్పి మరచిపోని తల్లి రెండవసారి రానన్నది. సంక్రాంతి వెళ్లనీ అన్నది. తరువాత మనుమరాలి పరీక్షలన్నది. ఆ ఆరు వారాలూ ఆమె చుట్ట మానలేదు. ఆ ఆరు వారాలూ కొడుకుకు సరిగా నిద్ర లేదు. గనిలో ఖనిజపు సంచులకు చీటీలు కడుతూ, రాతికి పట్టిన శ్రద్ధ తల్లి మాంసానికి పట్టలేదే అని తనను తానే తిట్టుకునేవాడు.

చివరకు మనుమరాలు, "నువ్వు రాకపోతే నేను పరీక్ష రాయను నాన్నమ్మా," అన్నది. ఆమె రైలెక్కింది.

ఈసారి ముక్క తీసిన వెంటనే ఫార్మలినులో పడింది. ముక్కకు పది రెట్లకు తక్కువ కాకుండా ద్రవం ఉండాలి. అది గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి ఇంకుతుంది. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మను డాక్టరు చెప్పిన ఉపాయమిది. నేటికీ లోకమంతా వాడుతున్నది. తరువాత సారాయితో ముక్కలోని నీటిని తొలగించి, కరిగిన మైనం పట్టించి, చిన్న సబ్బుబిళ్ల వంటి దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మను మిల్లీమీటరులో రెండువందవ వంతు మందాన రేకులుగా కోస్తారు. రేకు గోరువెచ్చని నీటి మీద తేలుతుంది. గాజుపలక మీదికి ఎత్తుకుంటారు. మధ్య అమెరికా అడవులలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి పుట్టిన హిమటాక్సిలిను రంగు కణకేంద్రాలను నీలంగా మారుస్తుంది. ఇయోసిను మిగిలినదంతా గులాబీ చేస్తుంది. అప్పుడు గాని చదవటానికి అక్షరాలు కనిపించవు.

డాక్టరమ్మ చదివింది. కేన్సరే. కాని లోతుగా దిగలేదు. అంగిలిలో కొంత భాగాన్ని, దాని పైనున్న పలుచని ఎముకతో సహా తీసివేయాలి. ఆ లోటు పూడ్చటానికి దంతవైద్యులు ఒక పలక చేసి ఇస్తారు. మెడలో గడ్డలు తగలటం లేదు. ఆశ ఉన్నది.

ఆపరేషనుకు రెండు రోజుల ముందు ఒక యువతి తెలుగులో అచ్చువేసిన కాగితాలు తీసుకొని మంచం దగ్గరకు వచ్చింది. శస్త్రచికిత్సలో తీసిన భాగం మొదట పెథాలజిస్టుకు వెళుతుందనీ, ఆమె పరీక్షకు కావలసినదంతా తీసుకున్నాక మిగిలిన దానిలో ఒక చిన్న ముక్కను పరిశోధన కోసం టిష్యూ బ్యాంకులో దాచుకోవటానికి అనుమతి ఇస్తారా అనీ అడిగింది. ఇవ్వకపోయినా చికిత్సలో ఏ మార్పూ ఉండదని రెండుసార్లు చెప్పింది.

ముసలామె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకు వైపు తిరిగింది.

"ఏటిరా, నా నోట్లో మాంసం ఈళ్లకెందుకు? రోగం మాంసం దాసుకుంటారా ఎవరైనా?"

ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం చెప్పగల ఉదాహరణ సముద్రాల ఆవల ఉన్నది. టెక్సాసులోని శాన్ ఆంటోనియోలో విలియం మెగ్వాయిర్ అనే డాక్టరు రొమ్ము కేన్సరు కణితుల ముక్కలను గడ్డకట్టించి, రోగుల తరువాతి కథతో సహా ఏళ్ల తరబడి భద్రపరచాడు. కాలిఫోర్నియాలో డెన్నిస్ స్లామన్ ఆయనతో చేయి కలిపాడు. మొత్తం 189 మంది స్త్రీల కణితులను పరీక్షించి, సుమారు ముప్పై శాతం కణితులలో హెర్-2 అనే జన్యువు ప్రతులు అతిగా పెరిగి ఉన్నాయనీ, అటువంటివారికి వ్యాధి త్వరగా తిరగబెడుతున్నదనీ 1987లో ప్రకటించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనును ఎదిరించే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. ముక్కలు ఇచ్చిన నాటికి ఆ స్త్రీలకు ఆ మందు పేరైనా వినే అవకాశం లేదు, అప్పటికది పుట్టలేదు.

మనదేశంలోనూ ఇటువంటి నిధులు ఏర్పడ్డాయి. మద్రాసు ఐఐటీలో జాతీయ కేన్సరు కణజాల నిధి ఉన్నది. 2025లో ఆ సంస్థ భారతీయ స్త్రీల రొమ్ము కేన్సరు జన్యు సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. బొంబాయి టాటా స్మారక కేంద్రం కూడా కణజాలాన్ని భద్రపరుస్తున్నది. విశాఖ శివారు అగనంపూడిలో ఆ కేంద్రమే హోమీ భాభా కేన్సరు ఆస్పత్రిని నడుపుతున్నది. మైనపు దిమ్మలు మామూలు గదిలోనే దశాబ్దాలు నిలుస్తాయి. జన్యువుల పనితీరును నిశితంగా చదవాలంటే మాత్రం తాజా ముక్కను సున్నాకు దిగువ 80 డిగ్రీల పెట్టెలలోనో, 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నత్రజనిలోనో ఉంచాలి. అదీ శరీరం నుంచి వేరుపడిన కొద్ది నిమిషాలలో. అందుచేత పెద్ద ఆపరేషన్లు జరిగే నగరాలలోనే నిధి నిండుతుంది. కిరండూల్ వంటి ఊరి మనిషి రైలెక్కి రాకపోతే ఆ మనిషి వ్యాధికి ఆ లెక్కలలో చోటు ఉండదు. పెసరగింజంత ముక్కకు ఒక సీసా ఫార్మలిను సమకూర్చలేని చోటు నుంచి ద్రవ నత్రజని మాట ఎత్తటమే హాస్యాస్పదం.

ఇవేవీ కొడుకుకు తెలియవు. అతడు తనకు తెలిసినదే చెప్పాడు.

"అయ్య మోసిన పెట్టెలు గుర్తున్నాయా అమ్మా?"

తండ్రి తొలి రోజులలో కొండ మీద బోరు వేసే బృందంలో కూలీ. లోపలి నుంచి కడ్డీలుగా వచ్చిన రాతిని పొడవాటి చెక్కపెట్టెలలో వరుసగా పేర్చి, ఏ బోరు, ఎంత లోతు అన్నది వ్రాసి కొండ దిగువకు మోసేవాడు. 1930లలో క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కాలినడకన తిరిగి పద్నాలుగు నిక్షేపాలుగా గుర్తించిన కొండలలో ఏ కడుపున ఎంత ఇనుమున్నదో తేల్చటానికి ఆ రాళ్లే ఆధారం.

"ఆ రాళ్లు ఒక్కసారి చూసి పారేయరమ్మా. దాస్తారు. ఏళ్లు గడిచాక కొత్త మిషను వస్తే మళ్లీ తీసి చూస్తారు. అప్పుడు కనపడనిది ఇప్పుడు కనపడతాది."

"మరి ఆ రాళ్ల మీద మీ అయ్య పేరు ఉంటాదా?"

"ఉండదు. నెంబరు ఉంటాది."

ఆమె యువతి వైపు తిరిగి ఒక్కొక్కటే అడిగింది. అమ్ముకుంటారా? అమ్మము. నా మనసు మారితే? ఎప్పుడైనా వద్దని చెప్పవచ్చు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన నియమాల ప్రకారం ముక్క ఇచ్చినవారిదే, నిధి దానికి ధర్మకర్త మాత్రమే. నా మనుమరాలికీ ఈ రోగం వస్తుందేమో ఇందులో తెలిస్తే ఆమెకు చెబుతారా? ఆ యువతి కాస్త తడబడి, అటువంటి మాట ఇవ్వలేమన్నది. చెబుతామని అబద్ధమాడటం ఆమెకు తేలికే. ఆడలేదు. బహుశా ఆ సంకోచమే ముసలామెకు నచ్చింది.

"అయితే వేలిముద్ర ఎక్కడెయ్యాలో సూపించు."

ఇక కాగితం నింపటం. అలవాట్లు అన్న చోట పొగ తాగుతారా, అవును, కాదు అని రెండే గడులున్నాయి. యువతి అవును దగ్గర గీత పెట్టబోతుండగా, గదిలోకి వచ్చిన డాక్టరమ్మ ఆమె చేతిలోని కలం తీసుకొని మార్జినులో స్వయంగా వ్రాసింది: అడ్డపొగ, పన్నెండవ ఏట నుంచి, రోజుకు నాలుగైదు చుట్టలు. ఆ మూడు ముక్కలు లేకపోతే ఎంత చల్లగా దాచినా ఆ మాంసం సగం మూగది. ఇది డాక్టరమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె చదువుకున్న ఊరే అడ్డపొగ కేన్సరును లోకానికి చూపిన ఊరు.

నివాసం అన్న చోట గుర్తింపు కార్డు చూసి శ్రీకాకుళం జిల్లా అని అంతకుముందే వ్రాసి ఉన్నది. కొడుకు అది చదివి వినిపించాడు.

"తప్పు," అన్నది ఆమె. "పుట్టింది అక్కడ. పొగ నేర్సింది అక్కడ. కాని యాబై ఏళ్లు కిరండూల్లో ఉన్నాను. ఆ ఎర్ర దుమ్ము తిన్నాను, ఆ నీళ్లు తాగాను. రెండూ రాయండి."

గనిలో చీటీలు కట్టే కొడుకు తలవంచుకొని నవ్వుకున్నాడు. మార్జినులో చోటు చాలక, డాక్టరమ్మ కాగితం వెనక్కి తిప్పి రెండు ఊళ్లూ, అక్కడక్కడ గడిపిన ఏళ్లూ వ్రాసింది.

ఆపరేషను మంగళవారం జరిగింది. తీసిన భాగం మంచుపెట్టెలో పెథాలజీకి వెళ్లింది. డాక్టరమ్మ అంచులకు సిరా పూసి, తనకు కావలసినవి కోసుకొని, మిగిలిన దానిలో నుంచి ఒక ముక్క తీసి చిన్న గొట్టంలో వేసి మూత బిగించింది. అది కూడా పెసరగింజంతే. అంచులలో వ్యాధి లేదని ఆ వారాంతానికి కబురు వచ్చింది.

నెల తరువాత తల్లీ కొడుకులు కిరండూల్ బండి ఎక్కారు. కొత్త పలక వలన ఆమె మాట ముద్దగా ఉన్నది. నీళ్లు తాగేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటున్నది. గుడ్డసంచిలో అదే టిఫిను డబ్బా, అందులో మెత్తగా పిసికిన ఇడ్లీ. శృంగవరపుకోట దాటి బండి ఘాటు ఎక్కింది. మొదటి సొరంగపు చీకటిలో, యాభై ఏళ్ల అలవాటు చొప్పున ఆమె చేయి రొంటిన చుట్టల కోసం తడుముకున్నది. అక్కడ ఏమీ లేదు. సొరంగం దాటి వెలుతురు వచ్చేసరికి ఆ చేయి కొడుకు మోకాలి మీద ఉన్నది. ముందు ఇంకా చాలా సొరంగాలున్నాయి.